రోజుకు ఐదు మాటలు: పరభాషలో పదసంపద పెంచుకోవడం ఎలా?

ఉపోద్ఘాతం

ఒక ఆదివారం అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి ముగిసింది. అందరూ వెళ్లిపోయాక ఒక అభ్యాసకురాలు మాత్రం ఆగారు. వయసు ముప్పై అయిదు ఉంటుంది. ఏడో తరగతిలో బడి మానేసి, ఇప్పుడు ఇన్నేళ్లకు పదో తరగతి పరీక్షకు సిద్ధమవుతున్నారు. పరీక్ష గట్టెక్కితే ఉద్యోగంలో ఒక మెట్టు పైకి వెళ్లవచ్చని ఆశ. చేతిలోని నోటుపుస్తకం తెరిచి చూపించారు. ప్రతి పేజీలోనూ ఎడమవైపు ఇంగ్లీషు మాటలు, కుడివైపు తెలుగు అర్థాలు. చేతిరాత ముత్యాల్లా ఉంది. మొత్తం నాలుగు వందల మాటలు.

"రాత్రి కూర్చుని యాభై మాటలు బట్టీ పడతానండీ. తెల్లారేసరికి పదైనా మిగలవు. ఈ వయసులో నా బుర్రకు ఇక ఎక్కదేమో. ఇంగ్లీషు వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకుంటే నయమేమో మేడమ్" అన్నారు.

ఈ మాట ఆమె ఒక్కరిదే కాదు. చదువు మధ్యలో ఆపి, పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన చాలామంది ఇలాగే అనుకుంటారు. కొందరు అనుకుని ఊరుకుంటారు. కొందరు నిజంగానే మానేస్తారు. అయితే ఆమె శ్రమలో లోపం లేదు, తెలివిలోనూ లోపం లేదు. లోపమల్లా పద్ధతిలో ఉంది. ఆ రోజు ఆమెకు చెప్పిన సమాధానాన్నే కొంచెం విపులంగా ఈ పాఠంలో మీకు చెబుతున్నాం. ఉదాహరణలన్నీ ఇంగ్లీషు నుంచి తీసుకున్నాం. కానీ మీరు నేర్చుకునేది గల్ఫ్ ప్రయాణం కోసం అరబ్బీ అయినా, మరేదైనా పరభాష అయినా పద్ధతి ఇదే.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– నేర్చిన మాట ఎందుకు మరచిపోతామో చెప్పగలుగుతారు;
– ఒక మాట "తెలియడం" అంటే ఏమిటో వివరించగలుగుతారు;
– చీటీల సహాయంతో రోజూ ఇరవై నిమిషాల పునశ్చరణ సొంతంగా చేసుకోగలుగుతారు;
– మధ్యలో ఆటంకం వచ్చినా అభ్యాసాన్ని మళ్లీ అందుకోగలుగుతారు.

1. మరపు మీ ఒక్కరిదే కాదు

మరపును మొదటిసారి కొలిచి చూసిన వారిలో ముఖ్యుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. ఆయన పరీక్షించింది తన జ్ఞాపకశక్తినే. అర్థం లేని చిన్నచిన్న అక్షర సముదాయాలను వందలకొద్దీ తయారు చేసుకున్నారు. వాటిని వరుసలుగా కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరువాత అవే వరుసలను మళ్లీ నేర్చుకున్నారు. రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క కట్టారు. ఆ ఫలితాలను 1885లో పుస్తకంగా ప్రచురించారు.

ఆయన లెక్క ఇలా ఉంది. ఇరవై నిమిషాల తరువాత శ్రమలో 58 శాతం ఆదా అయింది. గంట తరువాత 44 శాతం. ఒక రోజు తరువాత 34 శాతం. ఆరు రోజుల తరువాత 25 శాతం. నెల తరువాత 21 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చూడండి. వీటిలో రెండు విషయాలు ఉన్నాయి. మొదటిది: మరపు మొదటి గంటలోనే ఎక్కువగా జరుగుతుంది. ఆ తరువాత దాని వేగం తగ్గుతుంది. ఒక రోజుకూ నెలకూ మధ్య పోయింది 13 శాతమే. రెండోది: నెల గడిచినా పూర్తిగా సున్నా కాలేదు. మనం "మరచిపోయాను" అనుకున్న మాటలో కూడా కొంత లోపల మిగిలే ఉంటుంది. అందుకే రెండోసారి నేర్చుకోవడం మొదటిసారికన్నా తేలిక.

ఈ ప్రయోగాలు చేసేనాటికి ఎబ్బింగ్‌హౌస్ వయసు ముప్పై ప్రాంతం. చదువే వృత్తిగా ఉన్న పండితుడు. ఆయనకే ఒక్క రోజులో అంత జారిపోతే, పగలంతా పని చేసి రాత్రి పుస్తకం పట్టే మనకు జారిపోవడంలో వింత ఏముంది? పైగా ఆయన నేర్చింది అర్థం లేని అక్షరాలు. మనం నేర్చుకునేవి అర్థం ఉన్న మాటలు. కాబట్టి మన పని కొంత సులువే.

ఆయన మరో సంగతి కూడా గమనించారు. ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లె వేసినా వచ్చింది. అంటే శ్రమ దాదాపు సగానికి తగ్గింది. తగ్గించింది తెలివితేటలు కావు, మధ్యలో ఇచ్చిన విరామం.

మన ఇళ్లలో పిల్లలకు ఎక్కాలు ఎలా వచ్చేవో గుర్తు చేసుకోండి. ఇరవై ఎక్కాలూ ఒక్క రాత్రిలో ఎవరికీ రాలేదు. రోజూ సాయంత్రం కాసేపు అప్పజెప్పడం వల్లే వచ్చాయి. మాటలకూ అదే సూత్రం.

2. ఎన్ని మాటలు కావాలి?

ఇంగ్లీషు నిఘంటువును చూస్తే గుండె జారుతుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి ముద్రణలో 20 సంపుటాలు. అవన్నీ తెలిసిన ఇంగ్లీషువారు కూడా ఉండరు. మనకు కావలసింది ఏ మాటలు తరచుగా వస్తాయో తెలుసుకోవడం.

ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన వారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన బ్రిటిష్ పాలనా కాలంలో ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలలో పనిచేశారు. బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే అవస్థను దగ్గరగా చూశారు. తరచుగా వచ్చే మాటలనే ముందు నేర్పాలన్న నియమంతో వాచకాలు రాశారు. తరువాత 1953లో సుమారు రెండు వేల ప్రధాన పదాల పట్టికను ప్రచురించారు. మామూలు ఇంగ్లీషు రచన ఏది తీసుకున్నా అందులో వచ్చే మాటల్లో దాదాపు 80 శాతం ఆ పట్టికలోని మాటలు, వాటి రూపాలే ఉంటాయి.

ఎనభై శాతం అంటే సంపూర్ణం కాదు. ప్రతి అయిదు మాటల్లో ఒకటి తెలియకుండా మిగులుతుంది. అయినా అది గట్టి పునాది. ఆ పైన మీ అవసరాన్ని బట్టి చేర్చుకోవచ్చు. కుట్టుపని చేసేవారికి కొలతల మాటలు, ఆసుపత్రిలో పనిచేసేవారికి జబ్బుల మాటలు, డ్రైవరుకు రోడ్డు గుర్తుల మాటలు ముందుగా కావాలి. అందరికీ ఒకే పట్టిక సరిపోదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రోజుకు ఐదు కొత్త మాటలు. వారానికి ఆరు రోజులు. ఆదివారం కొత్తవి వద్దు, పాతవి చూసుకుంటే చాలు. వారానికి 30 మాటలు. ఏడాదిలో పండుగలకు, పెళ్లిళ్లకు రెండు వారాలు తీసేస్తే 50 వారాలు. మొత్తం 1,500 మాటలు. వాటిలో మూడో వంతు జారిపోయినా వెయ్యి మాటలు నిలుస్తాయి. రాత్రికి యాభై చొప్పున వారం రోజులు చదివి మానేసినవారికి ఇందులో ఎన్నో వంతు మిగులుతుందో మీరే ఆలోచించండి.

3. మీ దగ్గర ఇప్పటికే ఉన్న మాటలు

మీరు సున్నా నుంచి మొదలు పెట్టడం లేదు. బస్సు, టికెట్టు, బ్యాంకు, డాక్టరు, ఫోను, రోడ్డు, పెన్ను, కప్పు – ఇలాంటివి వందల మాటలు మీ నాలుక మీద ఉన్నాయి. అవి తెలుగులోకి వచ్చేటప్పుడు చివర ఒక అచ్చు చేర్చుకున్నాయి. ఆ అచ్చు తీసేసి పలికితే చాలావరకు ఇంగ్లీషు మాట దొరుకుతుంది. బస్సు అనేది "బస్" అవుతుంది, కప్పు అనేది "కప్" అవుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగులోకి వచ్చాక కొన్ని మాటలు ఒక అర్థానికే స్థిరపడ్డాయి. "కరెంటు" అంటే మనకు విద్యుత్తు. ఇంగ్లీషులో ఆ మాటకు ప్రవాహమనీ, ప్రస్తుతమనీ కూడా అర్థాలున్నాయి. పోటీ పరీక్షల పుస్తకాల మీద కనిపించే "కరెంట్ అఫైర్స్" అంటే విద్యుత్తు వ్యవహారాలు కావు, వర్తమాన వ్యవహారాలు. "హోటల్" అనగానే మనకు ఇడ్లీ, దోసె గుర్తొస్తాయి. ఇంగ్లీషులో ఆ మాట ముఖ్యంగా బస చేసే చోటుకు వాడతారు.

"ఛార్జి" అనే మాటను చూడండి. బస్సు ఛార్జీ అంటాం. ఫోను ఛార్జింగ్ పెడతాం. ఒకరు ఆఫీసుకు ఇన్‌ఛార్జి. పోలీసులు లాఠీఛార్జి చేస్తారు. కోర్టులో ఛార్జిషీటు వేస్తారు. రుసుము, విద్యుత్తు నింపడం, బాధ్యత, మీదపడటం, నేరారోపణ – ఐదు అర్థాలూ మీకు ముందే తెలుసు. అవి ఒకే మాట అని మాత్రం గమనించి ఉండరు. పత్రికలోనో, ఫారంలోనో ఈ మాట కనిపించినప్పుడు చుట్టూ ఉన్న మాటలను బట్టి ఏ అర్థమో పోల్చుకోండి.

ఇక్కడ ఆగి చేసి చూడండి: మీ వంటింట్లో, మీరు పనిచేసే చోట, బస్టాండులో రోజూ వినే ఇంగ్లీషు మాటలు ఇరవై రాయండి. వాటిలో ఎన్నింటి స్పెల్లింగు మీకు వచ్చో గుర్తు పెట్టుకోండి. రానివే మీ మొదటి వారపు పాఠం.

4. ఒక మాట "తెలియడం" అంటే?

నోటుపుస్తకంలో ఎడమన ఒక మాట, కుడిన ఒక అర్థం రాసినంత మాత్రాన మాట తెలిసినట్లు కాదు. ఒక మాట తెలియడంలో నాలుగు అంశాలు ఉన్నాయి.

మొదటిది ధ్వని. ఇంగ్లీషులో రాసినదంతా పలకరు. రాత్రి అనే అర్థం గల "నైట్" మాటలో జి, హెచ్ అక్షరాలు ఉన్నాయి, కానీ వినిపించవు. కాబట్టి మాటను కంటితో చూసి వదలకుండా పైకి పలకాలి. మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వారినే అడగండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండోది రాత. పలికిన తరువాత చూడకుండా ఒకసారి రాయాలి. రాసి సరిచూసుకోవాలి.

మూడోది అర్థం. రెండు భాషల మాటలు తూకం వేసినట్లు సరిగ్గా సరిపోవు. పెదనాన్న, బాబాయి, మేనమామ – ఈ ముగ్గురికీ ఇంగ్లీషులో "అంకుల్" ఒక్కటే. అక్క అన్నా చెల్లి అన్నా "సిస్టర్" అనే మాటే. కొన్నిచోట్ల దీనికి తలకిందులుగా ఉంటుంది. మనం "అప్పు" అనే మాటకు తీసుకోవడం, ఇవ్వడం చేర్చి పని జరుపుకుంటాం. ఇంగ్లీషులో అప్పు తీసుకోవడం "బారో", అప్పు ఇవ్వడం "లెండ్". రెండింటికీ పక్కన "అప్పు" అని మాత్రమే రాసుకున్నవారు పరీక్షలో ఒకదానికొకటి రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

నాలుగోది సహవాసం. ప్రతి మాటకూ చుట్టాలుంటాయి. మనం స్నానం "చేస్తాం". ఇంగ్లీషులో స్నానాన్ని "తీసుకుంటారు": టేక్ ఎ బాత్. మందును మనం "వేసుకుంటాం". వారు దాన్ని కూడా "తీసుకుంటారు". తెలుగు వాక్యంలోని క్రియను మక్కికి మక్కిగా మార్చితే ఇంగ్లీషు కుదరదు. అందువల్ల మాటను ఒంటరిగా కాక, ఒక చిన్న వాక్యంతో కలిపి నేర్చుకోవాలి.

ఈ నాలుగూ ఒక్క రోజులో రావు, రానక్కర లేదు. మొదటి రోజు ధ్వని, అర్థం పట్టుబడితే చాలు. పునశ్చరణ చేసినప్పుడల్లా మిగిలినవి ఒక్కొక్కటే చేరతాయి.

మాటలకు కుటుంబాలు కూడా ఉంటాయి. తెలుగులో న్యాయం తెలిసినవారికి అన్యాయం వేరుగా నేర్పనక్కర లేదు. మంచి తెలిస్తే మంచితనం తెలుస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే. చెల్లించు అనే అర్థం గల "పే" వస్తే, చెల్లింపు "పేమెంట్", తిరిగి చెల్లించు "రీపే", చెల్లించని "అన్‌పెయిడ్" – ఇవన్నీ ఒకే తీగకు కాసినవి. ఒక మాట నేర్చుకున్నప్పుడు దాని తోబుట్టువులను కూడా పలకరించండి.

5. చీటీల పెట్టె: రోజూ చేయవలసిన పని

ఇప్పుడు అసలు పద్ధతికి వద్దాం. దీన్ని సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. పాత శుభలేఖలు, పాత క్యాలెండరు అట్టలు, ఒక ఖాళీ చెప్పుల పెట్టె ఉంటే చాలు.

శుభలేఖల ఖాళీ వైపును అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో చీటీకి ఒక్కో మాట. ముందువైపు ఇంగ్లీషు మాట మాత్రమే రాయండి. వెనుకవైపు ఉచ్చారణ తెలుగు లిపిలో, తెలుగు అర్థం, ఒక చిన్న వాక్యం రాయండి.

ఉదాహరణకు "ఎక్స్‌పైర్" అనే మాట తీసుకుందాం. మందుల అట్ట మీద గడువు తేదీ పక్కన దీని రూపమే ఉంటుంది. వెనుకవైపు ఇలా రాయవచ్చు: "గడువు తీరిపోవు. ది లైసెన్స్ ఎక్స్‌పైర్స్ టుడే – లైసెన్సు గడువు ఈ రోజుతో తీరుతుంది." ఆసుపత్రిలో రోగి మరణించినప్పుడు కూడా ఇదే మాట వాడటం మీరు విని ఉంటారు. మూల భావం ఒకటే: ముగిసిపోవడం.

పెట్టెలో అట్టముక్కలు అడ్డుపెట్టి ఐదు గదులు చేయండి. కొత్త చీటీలన్నీ మొదటి గదిలో ఉంటాయి. వాటిని రోజూ చూడాలి. రెండో గదిని రోజు విడిచి రోజు, మూడో గదిని వారానికి ఒకసారి, నాలుగో గదిని పదిహేను రోజులకు ఒకసారి, ఐదో గదిని నెలకు ఒకసారి చూడాలి. చీటీ తీసి ముందువైపు చూసి, అర్థం మనసులో చెప్పుకుని, అప్పుడు తిప్పి చూడండి. సరిగ్గా చెబితే చీటీ తరువాతి గదిలోకి వెళుతుంది. తప్పితే ఏ గదిలో ఉన్నా మళ్లీ మొదటి గదికి వస్తుంది. ఐదో గదిలో కూడా సరిగ్గా చెప్పిన చీటీని రబ్బరు బ్యాండు వేసి విడిగా దాచుకోండి.

మూడో గదికి చేరిన మాటలను తిరగేసి పరీక్షించుకోండి. అంటే తెలుగు అర్థం చూసి ఇంగ్లీషు మాట పలికి, రాయండి. గుర్తుపట్టడం తేలిక, గుర్తు తెచ్చుకోవడం కష్టం. పరీక్షలో జవాబు రాయడానికి రెండోదే కావాలి.

తిప్పి చూసే ముందు ఒక్క క్షణం ఆగి ప్రయత్నించడం ఈ పద్ధతికి ప్రాణం. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత ఒక పాఠ్యభాగాన్ని చదివించారు. కొందరు దాన్నే రెండోసారి చదివారు. కొందరు చదవకుండా, గుర్తున్నంత రాశారు. వారం తరువాత పరీక్షిస్తే, రెండుసార్లు చదివినవారికి 42 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం జ్ఞాపకం ఉంది. తమాషా ఏమిటంటే, అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం రెండుసార్లు చదివినవారే కొంచెం ముందున్నారు. బట్టీ పట్టిన రాత్రి "అంతా వచ్చేసింది" అనిపించడానికి, కొద్ది రోజులకే అది జారిపోవడానికి కారణం ఇక్కడ ఉంది.

సమయం ఇలా పంచుకోవచ్చు. పొద్దున్న పొయ్యి వెలిగించే ముందో, బస్సు కోసం నిలుచున్నప్పుడో పది నిమిషాలు పాత చీటీలు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఐదు కొత్త చీటీలు రాసుకోవడం. ఫోనులో ఇదే పని చేసే సాధనాలు ఇప్పుడు ఉన్నాయి. నచ్చితే వాడుకోండి. కానీ చీటీని చేత్తో రాసినప్పుడు స్పెల్లింగు కూడా చేతికి అలవాటవుతుందని మరవకండి.

6. చీటీ దాటి చదువులోకి

చీటీలు విత్తనాల వంటివి. వాటిని పొలంలో చల్లాలి. చీటీలో నేర్చిన మాట బయట ఎక్కడైనా కనిపించినప్పుడే అది మీ సొంతమవుతుంది. కాబట్టి రోజూ నాలుగైదు వాక్యాలైనా ఇంగ్లీషులో చదవండి. ఇంట్లోని చిన్న తరగతుల వాచకం, సబ్బు పొట్లం, గ్యాసు బుక్కు, బ్యాంకు ఫారం, రైలు టికెట్టు – ఏదైనా పనికొస్తుంది.

చదివేటప్పుడు తెలియని ప్రతి మాట దగ్గరా ఆగి నిఘంటువు తెరవకండి. ముందు వాక్యమంతా చదివి అర్థం ఊహించండి. రెండు మూడు సార్లు ఎదురైన మాటకే చీటీ రాయండి. ఒక్కసారి కనిపించి మాయమయ్యే మాట వెంట పరుగెత్తనక్కర లేదు.

7. తెలుగు నేర్చుకున్న ఒక పరభాషీయుడు

మనకు ఇంగ్లీషు ఎంత కొత్తో, ఒకప్పుడు ఒక ఇంగ్లీషు యువకుడికి తెలుగు అంత కొత్త. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1817లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చారు. ఉద్యోగ అవసరంగా అక్కడి కళాశాలలో తెలుగు మొదలుపెట్టారు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. అవసరం కోసం పట్టుకున్న భాషను ఇష్టంతో కొనసాగించారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించారు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కావ్యాల్లోని మాటలతో పాటు జనం నోటి మాటలను కూడా ఆయన అందులో చేర్చారు.

1817 నుంచి 1852 వరకు లెక్కపెట్టండి. ముప్పై అయిదేళ్లు. మనకున్న ఇబ్బందులు ఆయనకు లేవన్నది నిజమే. జీతం ఉంది, పండితుల సాయం ఉంది. మనం రాయబోయేది నిఘంటువు కూడా కాదు. అయినా ఒక్క సంగతి ఆయనకూ మనకూ సమానం: పరభాషలోని మాటలు ఎవరికైనా ఒక్కొక్కటిగానే వస్తాయి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. అటు వెళ్లినప్పుడు చూసి రండి.

8. ఆటంకాలు వచ్చినప్పుడు

ఇంట్లో జ్వరం, పొలంలో కోతలు, చుట్టాల పెళ్లి – నాలుగు రోజులు పెట్టె తెరవలేకపోతారు. అప్పుడు చేయకూడని పని ఒకటుంది: పోయిన నాలుగు రోజుల ఇరవై మాటలూ ఒకే రాత్రి పూర్తి చేయాలనుకోవడం. దానివల్ల అలసట తప్ప ఫలితం ఉండదు. ఆ వారం కొత్త మాటలు ఆపేసి, పాత చీటీలు మాత్రమే చూడండి. మొదటి గదిలో ముప్పై చీటీలకు మించి పోగుపడినా ఇదే చేయండి. పాతవి కదిలాక కొత్తవి మొదలుపెట్టండి.

కొన్ని చీటీలు పదే పదే మొదటి గదికి తిరిగి వస్తుంటాయి. వాటి మీద కోపం తెచ్చుకోకండి. వాక్యం మార్చి చూడండి. మీ ఇంటికి, మీ పనికి సంబంధించిన వాక్యం రాయండి. ఒకేలా ఉన్న రెండు మాటలు ఒకే రోజు నేర్చుకుంటే తికమక ఎక్కువ. "బారో" ఈ వారం నేర్చుకుంటే "లెండ్" రెండు వారాల తరువాత నేర్చుకోండి.

మీ ప్రగతిని మీరే పరీక్షించుకోండి

1. మరపు ఎప్పుడు ఎక్కువ వేగంగా జరుగుతుంది?
2. ఒక మాట తెలియడంలోని నాలుగు అంశాలు ఏవి?
3. నాలుగో గదిలోని చీటీకి అర్థం చెప్పలేకపోతే దాన్ని ఏ గదిలో పెట్టాలి?
4. అయిదు రోజులు అభ్యాసం ఆగిపోతే ముందుగా ఏం చేయాలి?

జవాబులు పాఠం చివర ఉన్నాయి. ముందు పుస్తకం మూసి, గుర్తున్నంత రాయండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

సారాంశం

మరపు సహజం. అది వయసుకు గానీ తెలివికి గానీ గుర్తు కాదు. ఒకే రాత్రి ఎక్కువ నేర్చుకోవడం కంటే కొంచెం కొంచెంగా, విరామమిస్తూ నేర్చుకోవడం మేలు. తరచుగా వచ్చే మాటలు, మీ పనికి కావలసిన మాటలు ముందు. ప్రతి మాటనూ ధ్వని, రాత, అర్థం, సహవాసంతో నేర్చుకోవాలి. చూసి చదవడం కంటే చూడకుండా గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇక మొదట చెప్పిన అభ్యాసకురాలి సంగతి. ఆమె నోటుపుస్తకాన్ని పారేయమని మేము చెప్పలేదు. అందులో నాలుగు వందల మాటలున్నాయి. వారానికి ముప్పై చొప్పున పద్నాలుగు వారాల పని. తరువాతి సంపర్క తరగతికి ఆమె చెప్పుల పెట్టె సంచిలో పెట్టుకుని వచ్చారు. "మొదటి గదే బరువుగా ఉందండీ. మూడో గదిలోకి పదకొండు వచ్చాయి" అన్నారు. సబ్జెక్టు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. మీరు ఈ రాత్రికి ఐదు చీటీలు కత్తిరించుకోండి.

జవాబులు

1. నేర్చుకున్న మొదటి గంటలో.
2. ధ్వని, రాత, అర్థం, సహవాసం.
3. మొదటి గదిలో.
4. కొత్త మాటలు ఆపి, పాత చీటీల పునశ్చరణ చేయాలి.